కంప్యూటరుకు మన భాష, మన వాడుక

పంచాయతి కార్యాలయపు కంప్యూటరు ఒక నోటీసుపై 04/05/2025 అని ముద్రించినదనుకొందము. గ్రామస్థుడు దానిని మే నెల 4వ తేదీగా చదువును. యంత్రము అమెరికా వాడుకలో నున్నచో దాని ఉద్దేశము ఏప్రిల్ 5. పన్ను గడువైనను, గ్రామసభ దినమైనను ఇట్లు తారుమారైనచో జవాబు చెప్పవలసినవారు సభ్యులే గాని యంత్రము కాదు.

ఇది యంత్రపు లోపము కాదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టిన యూనిక్స్, దాని పోలికపై రూపొందిన లినక్స్ మొదలగు వ్యవస్థలలో భాష, లిపి, తేదీ వ్రాయు తీరు, అంకెల విభజన, అక్షరక్రమము, వీనినన్నిటిని కలిపి 'లొకేల్' అందురు. ఏదియు నిర్ణయింపనిచో 'సి' అను మూల లొకేలు అమలగును. అది ఆంగ్లమునకే అనువైనది. దానిలో తెలుగు అక్షరములకు మారుగా ప్రశ్నార్థకములు కనబడుట కలదు.

తెలుగు లొకేలు పేరులో మొదటి 'టి-ఇ' భాషను, తరువాతి 'ఐ-ఎన్' దేశమును తెలుపును. చివర యు.టి.ఎఫ్-8 అని చేర్చవలెను. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన ఈ సంకేతపద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. మొత్తములను 12,34,567 అని లక్షల లెక్కన విభజించుటయు ఈ లొకేలు వలన సాధ్యమగును.

ఈ నిర్ణయము రెండు చోట్ల జరుగును. యంత్రమంతటికిని వర్తించునది నిర్వాహకుడు చేయవలెను. ఫెడోరాలో 'లొకేల్.కాన్ఫ్' అను ఫైలునందు 'లాంగ్' అను వరుసకెదురుగా లొకేలు పేరు వ్రాయుదురు. డెబియన్‌లో ఇందుకు చాలకాలము వేరొక ఫైలు వాడుకలో నుండెను. ఎవరికి వారు తమ సొంత 'ప్రొఫైల్' ఫైలులో వ్రాసికొన్నది వారికి మాత్రమే చెల్లును. కనుక ఒకే యంత్రముపై గుమాస్తా తెలుగులోను, ఇంజనీరు ఆంగ్లములోను పనిచేయవచ్చును. అయితే ఇరువురికిని వేర్వేరు లాగిన్ పేర్లుండవలెను. అందరును ఒకే పేరుతో పనిచేయు కార్యాలయములు లేకపోలేదు; అది భాష సంగతి యటుంచి, ఎవరు ఏమి మార్చిరో తెలియని స్థితి.

సందేశములు ఆంగ్లములోనే యుండి తేదీ మాత్రము మన తీరున కావలెనన్నచో 'ఎల్.సి. టైమ్' అను వరుసను భారతదేశపు ఆంగ్లమునకు మార్చిన చాలును. 'ఎల్.సి. ఆల్' జోలికి మాత్రము పోవలదని మా సలహా. అది తక్కిన వరుసలన్నిటిని త్రోసిపుచ్చును. ఒకసారి శాశ్వతముగా వ్రాసినచో తరువాత చేయు మార్పులు పనిచేయవు, కారణము వెదకుటకే దినము గడచును.

మార్చుటకు ముందు 'లొకేల్ -ఎ' అను ఆజ్ఞతో తెలుగు లొకేలు యంత్రములో నున్నదో లేదో చూడవలెను. లేనిదానిని పేర్కొన్నచో హెచ్చరిక వచ్చును, యంత్రము మరల 'సి'నే పట్టుకొనును. మార్పు తరువాత లాగౌట్ చేసి తిరిగి ప్రవేశింపవలెను. తెలుగులోనికి అనువదింపబడని సందేశములు ఆంగ్లములోనే కనబడును. తెలుగు టైపు చేయుటకు కీబోర్డు అమరిక వేరుగా చేసికొనవలెను.