బీదరు వజీరు, ఉస్మానియా ఆచార్యుడు

హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల పక్కనే ఖుర్షీద్ జా దేవిడీ ఉంది. నిజాం కొలువులోని పాయ్‌గా వంశపు అమీరు కట్టించిన ఆ భవనం ఎత్తయిన స్తంభాలతో నిలబడి ఉంది. ముందున్న మైదానంలో బస్తీ పిల్లలు క్రికెట్ ఆడుకునేవారు. ఒకప్పుడు రాజ్యం సంగతులు ఇలాంటి దేవిడీల గోడల మధ్యే తేలిపోయేవి.

అలాంటి రాజ్య వ్యవహారాలను తరగతి గదిలో చర్చకు పెట్టిన వాళ్లలో హారూన్ ఖాన్ షేర్వానీ ఒకరు. 1918లో ఏర్పడి, ఉర్దూలో ఉన్నత విద్య నేర్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన చరిత్ర, రాజనీతి శాస్త్రాల ఆచార్యుడు. రాజనీతి అంటే ప్లేటో, అరిస్టాటిల్ పేర్లే వినిపించే రోజుల్లో ముస్లిం తాత్వికులు ఫారాబీ, మావర్దీ, గజాలీల ఆలోచనల మీద పుస్తకం రాశారు. వారి సరసన మహమూద్ గవాన్‌నూ నిలబెట్టారు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ ఎంపికే.

గవాన్ గ్రంథాలకే పరిమితమైన పండితుడు కాడు, బీదరులో బహమనీల వజీరు. రాజ్యంలోని నాలుగు తరఫ్‌లను, అంటే రాష్ట్రాలను, ఎనిమిది చేశాడు. వాటిని ఏలే ఒక్కో తరఫ్‌దారు చేతిలో ఒక్క కోటే ఉంచి, మిగతావి సుల్తాను అధీనంలోకి తెచ్చాడు. భూములు కొలిపించాడు. అధికారం తగ్గిన అమీర్లు దొంగ ఉత్తరం పుట్టించారు; సుల్తాను నమ్మి, 1481లో అతన్ని చంపించాడు. అధికారాన్ని ఎవరు, ఎంతవరకు అదుపు చేయాలన్న ప్రశ్న మన దక్కన్‌లోనే ఇంత పచ్చిగా ఎదురైంది.

గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో షేర్వానీ పేరిట దక్కన్ అధ్యయన కేంద్రం ఉంది. అక్కడి పరిశోధన తెలుగులోనూ రావాలి, హుస్సేనీ ఆలం కళాశాల అమ్మాయిల దాకా చేరాలి.