వెల్డింగు బల్ల

విజయవాడ సమీపమున ఇబ్రహీంపట్నము నుండి మైలవరము పోవు మార్గమున జి.కొండూరు కలదు. పూర్వము కృష్ణా జిల్లాలోనిదైన ఈ మెట్ట ప్రాంతము 2022లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. సేద్యమున్న చోట కమ్మరి కొలిమి యుండుట మన పల్లెల ఆచారము. నాగటి కఱ్ఱు సాగగొట్టుటకును, బండి చక్రమునకు ఇనుప పట్టా వేయుటకును రైతు ఆ కొలిమి నాశ్రయించెడివాడు. నేడు ఎడ్లు చేయు పనిని చాలవఱకు ట్రాక్టరు చేయుచున్నది. ట్రక్కు తలుపు విఱిగినను, గొఱ్ఱు పండ్లు ఊడినను వెల్డింగుతోనే అతుకవలెను. అందుచే ఇంటి పంచనే చిన్న వెల్డింగు యంత్రము నుంచుకొనువారు గలరు. యంత్రమును గూర్చి పలువురు విచారింతురు. అది పనిచేయు బల్లను గూర్చి విచారించువారు కొలదిమంది. కాని పని తిన్నగా వచ్చుట బల్లపైననే ఆధారపడి యున్నది.

జి.కొండూరునకు చేరువనున్న కొండపల్లిలో బొమ్మల పనివారు తెల్లపొణికి కఱ్ఱతో అంగములను వేఱువేఱుగ చెక్కి అతికింతురు. కఱ్ఱను అతికించుటకు నిప్పు అక్కఱలేదు. కావున అతుకు పెట్టిన చోటనే నిలుచును. ఇనుము అట్టిది కాదు. దానిని కరగించి అతుకవలెను. ఉక్కు కరగుటకు సుమారు 1,500 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. వేడికి ఇనుము వ్యాకోచించును, చల్లారినపుడు సంకోచించును. 1 మీటరు పొడవు గల కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగును.

కమ్మరి ఈ ధర్మమును చక్కగా నెఱుగును. పట్టాను ఎఱ్ఱగ కాల్చి చక్రమునకు తొడిగి నీరు పోయగా, అది ముడుచుకొని చక్రమును బిగించి పట్టును. అచట మేలు చేసిన ఆ సంకోచమే వెల్డింగులో కీడు చేయును. కరగిన లోహము చల్లారుచు ఇరుప్రక్కల ముక్కలను తనవైపునకు లాగును. మూల తిన్నగా నుండవలసిన చట్రము వంకరపోవును. వంకరపోయిన తలుపు ఇంటిదైనను, కాలువ తూముదైనను, తన గాడిలో సరిగా దిగదు. ఈ లాగుడును ఎదిరించి పనిని కదలనీయక పట్టియుంచుటయే వెల్డింగు బల్ల చేయవలసిన పని.

కావున బల్లకు కావలసిన మొదటి గుణము చదును. రెండవది దృఢత్వము. పలకకు మందమే బలము. మందము రెట్టింపైనచో వంగకుండ నిలుచు శక్తి 8 రెట్లగును. పలుచని రేకు వేడికి అలలవలె లేచును. ఇంటి పనికి 80 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందము గల ఉక్కు పలక చాలును. దాని బరువు సుమారు 38 కిలోగ్రాములు.

రంధ్రములతో సిద్ధముగ నమ్ము బల్లలు కలవు, అవి ఖరీదైనవి. పాత ఇనుము అంగడిలో దొరకు పలకతోను బల్లను చేసికొనవచ్చును. పలక చదునును పరీక్షించుటకు తిన్నని బద్దను దానిపై నిలువుగ నుంచి, ఆవలి వెలుతురు క్రిందనుండి కనబడునేమో చూడవలెను. పిదప రెండు దారములను ఎదురెదురు మూలలకు బిగించి లాగవలెను. అవి నడుమ ఒకదాని నొకటి తాకినచో పలకకు మెలిక లేదు. ఎడమున్నచో మెలిక యున్నట్లే. జింకు పూత గల ఇనుమును కొనరాదు. ఆ పూత కాలినపుడు వచ్చు పొగ పీల్చినవారికి చలిజ్వరము కలుగును.

కాళ్ళను, చట్రమును యాంగిల్ ఇనుముతో చేయుదురు. చట్రము మూలలు సరిగా నున్నవో లేదో కొలతయే చెప్పును. 60, 80 సెంటీమీటర్ల భుజములు గలదానికి ఎదురు మూలల మధ్య దూరము 100 సెంటీమీటర్లు ఉండవలెను. తరగతిలో నేర్చిన లంబకోణ త్రిభుజ సూత్రము ఇచట పనికి వచ్చును. పలకను చట్రముపై నుంచి, బొటనవ్రేలి వెడల్పు అతుకులను జానెడేసి దూరమున వేయవలెను. చుట్టును ఎడతెగక అతికినచో ఆ వేడికి బల్లయే వంగును. బల్ల యెత్తు నిలుచుండి పనిచేయువాని మోచేతికి కొంచెము దిగువ నుండవలెను. నేల ఎగుడుదిగుడుగా నున్నచో కాళ్ళకు మరబోల్టులు అమర్చి రసమట్టముతో సరిచూడవలెను.

బల్ల పైభాగమునకు రంగు వేయరాదు. యంత్రము నుండి వచ్చు రెండవ తీగను బల్లకే తగిలింతురు. రంగు విద్యుత్తును అడ్డగించును. పని ముక్కలను బల్లకు క్లాంపులతో బిగించి, ముందు చుక్కలుగా అతికి, మూలమట్టముతో చూచి, పిమ్మట ఒక ప్రక్క కొంత, ఎదురు ప్రక్క కొంత అతుకవలెను. చల్లారువఱకు క్లాంపులను విప్పరాదు.

ప్రాణరక్షణ అన్నిటికంటె ముఖ్యము. తడి నేలపై నిలిచి పని చేయరాదు. నల్లని అద్దము లేక ఆ వెలుగును చూచినవారికి కొన్ని గంటల పిమ్మట కన్నులలో ఇసుక పోసినట్లు బాధ కలుగును. దూరముననుండి చూచు పిల్లలకును ఈ ముప్పు కలదు. సుమారు 10 మీటర్ల లోపల ప్రత్తి, గడ్డివాము, కిరోసిను ఉండరాదు. ఇసుక నింపిన బకెట్టు దగ్గఱ నుండవలెను. ఇంటి గచ్చుపై నేరుగా అతుకుటయు మంచిది కాదు. అందలి తేమ వేడికి ఆవిరియై పెచ్చులను ఎగురగొట్టును.

బల్ల తయారగుటకు ఒకటి రెండు దినములు పట్టును. తొందరపడి నేలమీదనే పని ముగించినవాడు ఆ దినములను మిగుల్చుకొన్నట్లు తలంచును. కాని వంకరపోయిన చట్రమును కోసి మరల అతుకునపుడు అంతకు మించిన కాలమును, ఇనుమును కోల్పోవును. తిన్నని పనికి తిన్నని ఆధారమును ముందే సిద్ధపఱచుకొనువాడే నేర్పరి.