టైలర్ షాపు పీలికలతో దానానికి బొంత: ఎలా కుట్టాలి, ఎలా ఇవ్వాలి?

ఈ రోజు ఎపిసోడ్‌లో మన టాపిక్ బొంత.

నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పేపర్లో "అతుకుల బొంత" అని రాస్తారు కదా. ఎప్పుడు ఊడిపోతుందో తెలీదని ఎగతాళి. నిజానికి సరిగ్గా కుట్టిన బొంత అంత తేలిగ్గా ఊడదు. ఇంట్లో దుప్పటి చిరిగినా బొంత మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఈ రోజు మనం కుట్టబోయేది మనకోసం కాదు, ఇంకొకరికి ఇవ్వడానికి. కాబట్టి ఒక్క మాట ముందే చెప్తాను, చివరిదాకా గుర్తుపెట్టుకోండి. గుడ్డ మిగిలిపోయినదే కావచ్చు, కుట్టు మాత్రం మన ఇంట్లో వాడేదానికంటే గట్టిగా ఉండాలి. ఎందుకంటే మన ఇంట్లో కుట్టు ఊడితే మనమే మళ్లీ వేసుకుంటాం. ఇచ్చేసిన తర్వాత దాన్ని ఎవరు ఉతుకుతారో, ఎలా ఉతుకుతారో మన చేతిలో ఉండదు.

ఇది కొత్త ఐడియా ఏమీ కాదు

పాత చీరలు, పంచెలు పొరలుగా వేసి బొంత కుట్టడం మన అమ్మమ్మలకు బాగా తెలిసిన పనే. పక్కన కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్ది మహిళలు "కవంది" అనే బొంతలు కుడతారు. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే ఊళ్లో నల్లజాతి మహిళలు అరిగిపోయిన పని బట్టలతో కుట్టిన బొంతలు 2002లో పెద్ద మ్యూజియంలలో ప్రదర్శనకు వెళ్లాయి. 2006లో వాటి బొమ్మలతో అక్కడ పోస్టల్ స్టాంపులు కూడా వచ్చాయి.

ఇక దానం సంగతికొస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడులకు ఇళ్లు పోగొట్టుకున్న బ్రిటన్ కుటుంబాలకు కెనడా మహిళలు బొంతలు కుట్టి రెడ్ క్రాస్ ద్వారా పంపించారు. అంటే ఇంట్లో మిగిలిన గుడ్డ, ఖాళీ దొరికిన గంట, రెండూ కలిస్తే ఎక్కడో ఉన్న మనిషికి రాత్రి నిద్ర పట్టింది.

ఏ ముక్కలు తీసుకోవాలి?

మీ వీధిలో జాకెట్లు కుట్టే షాపు ఉంటుంది. అక్కడ మిషన్ కింద సంచి నిండా పీలికలు ఉంటాయి, చాలాసార్లు అవి చెత్త బండిలోకే వెళ్తాయి. "అక్కా, కాటన్ ముక్కలు ఉంటే నాకు పక్కన పెడతారా?" అని అడగండి. లైనింగ్ గుడ్డ, 2×2 రూబియా, కాటన్ చుడీదార్ ముక్కలు మనకు బంగారం. జార్జెట్, నెట్, శాటిన్ వద్దు. అవి జారిపోతాయి, ఇస్త్రీ వేడికి ముడుచుకుంటాయి. జరీ అంచులు, చమ్కీలు, పూసలు ఉన్నవి అస్సలు వద్దు. అవి ఒంటికి గుచ్చుకుంటాయి, పిల్లల నోట్లోకి కూడా వెళ్తాయి.

కాటనో కాదో డౌటా? రెండు దారపు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింక్ దగ్గర అగ్గిపుల్లతో కాల్చి చూడండి. కాటన్ కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండలా మిగులుతుంది.

తర్వాత అన్నీ ఉతకాలి. చిన్న పీలికలు విడివిడిగా వేస్తే చిక్కుపడతాయి, ఒక పాత దిండు గలీబులో వేసి మూతి కట్టి ఉతకండి. ఎరుపు, మెరూన్, ముదురు నీలం ముక్కల్ని తడిపి తెల్ల గుడ్డ మీద రుద్దండి. రంగు అంటుకుంటే ఆ ముక్క పక్కన పెట్టేయండి. ఈ పని ఇప్పుడు చేయకపోతే, మొదటి ఉతుకులోనే బొంత మొత్తం గులాబీ రంగుకు తిరుగుతుంది.

కింద ఒక గుడ్డ ఎందుకు వేస్తాం?

అసలు కిటుకు ఇదే. టైలర్ దగ్గర మిగిలే పీలికల్లో చాలావరకు క్రాస్‌గా తెగినవే ఉంటాయి. క్రాస్‌గా తెగిన గుడ్డను లాగితే సాగుతుంది. వాటినే ఒకదానికొకటి కుట్టుకుంటూ పోతే మూలలు వంకర తిరిగి, చదరం కాస్తా అప్పడంలా లేస్తుంది. అందుకే పాత పంచె గుడ్డను చదరాలుగా కోసి, దాని మీద పీలికలు కుడతాం. సాగకుండా పట్టుకునేది కింద ఉన్న ఆ పంచె గుడ్డే. పైగా అది బొంతలో ఒక పొరగా ఉండిపోతుంది.

కొలతలు రాసుకోండి. కింది గుడ్డ చదరం ఎనిమిదిన్నర అంగుళాలు. వరుసకు 5 చొప్పున 6 వరుసలు, మొత్తం 30 చదరాలు. కుట్లలో పోయేది పోగా సుమారు 40 × 48 అంగుళాల బొంత వస్తుంది. ఇది నాలుగైదేళ్ల పిల్లలకు సరిపోతుంది, వీల్‌చైర్‌లో కూర్చునే పెద్దవాళ్లకు ఒడి మీద కప్పుకోవడానికీ బాగుంటుంది. 45 అంగుళాల పన్నా ఉన్న పంచెలో మీటరున్నర లోపే ఈ 30 చదరాలూ వచ్చేస్తాయి. పెద్దవాళ్ల మంచానికి కావాలంటే వరుసకు 7 చొప్పున 10 వరుసలు, అంటే 70 చదరాలు కుట్టాలి.

కుట్టే పద్ధతి

ఒకటి: చదరం మీద మూల నుంచి మూలకు ఒక పీలిక వేయండి, దాని మంచి వైపు పైకి ఉండాలి. వెడల్పు ఒక అంగుళం నుంచి రెండున్నర దాకా ఎంతైనా ఫర్వాలేదు.

రెండు: దాని మీద రెండో పీలికను బోర్లా వేయండి, అంటే మంచి వైపులు రెండూ ఎదురెదురుగా ఉండాలి. అంచులు కలిపి, పావు అంగుళం లోపలికి కుట్టు వేయండి. కుట్టు మూడు గుడ్డల్లోంచీ పోవాలి.

మూడు: రెండో పీలికను తిప్పి పరచండి, ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ పెట్టె లేకపోతే గోటితో గట్టిగా రుద్దండి. మళ్లీ ఇంకో పీలిక. ఇలా ఒక మూల నిండాక రెండో వైపు మొదలుపెట్టండి.

నాలుగు: చదరం తిరగేసి, కింది గుడ్డ అంచు వెంబడి బయటికి వచ్చిన పీలికల్ని కత్తిరించండి. ఎంత గందరగోళంగా కుట్టినా ఇప్పుడు చక్కగా చదరం వస్తుంది.

అందంగా రావాలంటే ఒక చిన్న చిట్కా. ప్రతి చదరంలో మధ్య పీలిక ఒకే రంగు పెట్టండి. నాలుగు చదరాల్ని తిప్పి కలిపితే ఆ పీలికలతో డైమండ్ ఆకారం వస్తుంది. మిగతా ముక్కలు ఎన్ని రంగులున్నా చూసేవాళ్లకు కావాలనే డిజైన్ చేసినట్టు ఉంటుంది. రోజుకు రెండు చదరాలు కుడితే 15 రోజుల్లో 30 అవుతాయి. రీల్స్ చూసే టైమ్‌లో అరగంట తీస్తే చాలు.

30 చదరాలూ కలిపాక కింద పాత కాటన్ చీర, మధ్యలో పాత దుప్పటి, పైన మన చదరాల గుడ్డ పరవండి. కింది రెండూ అన్ని వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. ముడతలు లేకుండా సర్ది, మధ్య నుంచి అంచుల వైపు కచ్చా కుట్లు వేసుకోండి. తర్వాత చేత్తో గానీ మిషన్ మీద గానీ, చదరాల అతుకుల వెంబడి మూడు పొరలూ కలిసేలా కుట్టండి. ఎక్కువైన అంచులు కత్తిరించి, చుట్టూ రెండున్నర అంగుళాల పట్టీని రెండు మడతలు వేసి కుట్టేయండి. ముందు చిరిగేది అంచే, అందుకే ఇక్కడ రెండు వరుసల కుట్టు వేయండి.

ఇచ్చే ముందు ఈ పరీక్షలు

పిన్నులు లెక్కపెట్టి మొదలుపెట్టండి, లెక్కపెట్టి ముగించండి. 40 పెడితే 40 తిరిగి డబ్బాలోకి రావాలి. మధ్యలో సూది విరిగితే రెండు ముక్కలూ దొరికేదాకా ముందుకు వెళ్లొద్దు. చివర్లో బొంత మీద ఒక అయస్కాంతం తిప్పండి.

ప్రతి అతుకునూ రెండు చేతులతో లాగి చూడండి. తర్వాత ఒకసారి మామూలుగా బకెట్లో ఉతికి ఆరేయండి. ఊడేదేదో మన ఇంట్లోనే ఊడాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు కప్పడానికి బొంత ఇవ్వకండి. పక్కలో వదులుగా ఉండే దుప్పట్లు, దిండ్లు ఆ వయసు పిల్లల ముక్కుకు అడ్డుపడి ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా ఇదే చెప్తుంది. చాలామందికి దానం అనగానే పసిపిల్లలే గుర్తొస్తారు. ప్రేమతోనే ఇస్తాం, కానీ ప్రేమ ఒక్కటే సరిపోదు ఇక్కడ. కొంచెం పెద్ద పిల్లలకు, వృద్ధాశ్రమాలకు, చలికాలంలో బయట పడుకునేవాళ్లకు ఇద్దాం. ఆదిలాబాద్ వైపు, లంబసింగి వైపు చలి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే కదా.

తీసుకెళ్లే ముందు ఫోన్ చేసి అడగండి. ఎన్ని కావాలి, ఏ సైజు, అక్కడ మిషన్‌లో ఉతుకుతారా, చేత్తోనా. కొన్ని ఆసుపత్రులు ఇన్ఫెక్షన్ భయంతో బయటి గుడ్డలు తీసుకోవు. అది వాళ్ల జాగ్రత్త, మనం నొచ్చుకోవాల్సిన పని లేదు.

ఇంకొకటి, ఫోన్ చేతిలో ఉంది కాబట్టి చెప్తున్నా. బొంత ఫొటోలు ఎన్నైనా పెట్టండి, చదరం కుట్టే వీడియో పెట్టండి, ఇంకో నలుగురు నేర్చుకుంటారు. తీసుకునే మనిషి మొహం మాత్రం పెట్టొద్దు. చలికి దుప్పటి కప్పుకున్నందుకు ఎవరూ వైరల్ అవ్వాల్సిన అవసరం లేదు.

ముందు ఒక్క చదరంతో మొదలుపెట్టండి ఫ్రెండ్స్. ఒక పంచె ముక్క, ఏడెనిమిది పీలికలు చాలు. పట్టీ మూలలు చక్కగా మడవడం ఎలాగో వచ్చే ఎపిసోడ్‌లో నిదానంగా చూపిస్తాను. అప్పటిదాకా ఉంటాను మరి, నమస్తే.