మన ఊరి పేరు పెట్టుకున్న నాగరత్నమ్మ

ప్రబంధాల క్లాసులో మేడమ్ 'రాధికా సాంత్వనము' గురించి చెబుతూ, "దీన్ని అచ్చు వేయించినావిడ పేరు ముందు మన ఊరి పేరుంది" అన్నారు. బెంగళూరు నాగరత్నమ్మ అంటే కచేరీలు చేసిన పాటగత్తె అనే నాకు తెలుసు. ఆవిడకి పుస్తకాలతో ఏం పని అనుకుంటూ లైబ్రరీకి వెళ్లాను.

నాగరత్నమ్మ 1878లో నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. చిన్నప్పుడే కన్నడం, తెలుగు, సంస్కృతం నేర్చుకున్నారు. బెంగళూరులో త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన మునిస్వామప్ప దగ్గర సంగీతం నేర్చుకుని, తర్వాత మద్రాసు వెళ్లి గొప్ప పేరూ, డబ్బూ సంపాదించారు.

ఇక పుస్తకం సంగతి. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న కవయిత్రి. ఆమె కావ్యం 1887లో అచ్చయింది గానీ కొన్ని పద్యాలు తీసేశారు. తన గురించి ఆమె చెప్పుకున్న పద్యాలు కూడా పోయాయి! అసలు ప్రతి సంపాదించిన నాగరత్నమ్మ, అన్ని పద్యాలతో 1910లో వావిళ్ల వారి చేత వేయించారు. ఒక స్త్రీ ఇలాంటి శృంగారం రాయడం సిగ్గుచేటని అంతకుముందే వీరేశలింగం గారు తప్పుపట్టారు. ఆయనంటే మనకెంత గౌరవం! అందుకే ఇది చదివినప్పుడు నాకు కాస్త ఇబ్బందిగానే అనిపించింది. నాగరత్నమ్మ మాత్రం తడుముకోలేదు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగకవులకు అక్కర్లేదా అని పీఠికలోనే అడిగేశారు.

1911లో పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. పుస్తకం మీద నిషేధం పడింది. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ అది తొలగలేదు. అంటే సుమారు ముప్పై అయిదేళ్లు!

ఈలోగా ఆవిడ ఊరికే కూర్చోలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉందని 1921లో ఆవిడకి ఉత్తరం వచ్చిందట. ఆవిడ సొంత డబ్బుతో గుడి కట్టించారు. 1925లో ప్రతిష్ఠ జరిగింది. అయినా ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు! గుడి కట్టించినావిడకే ఆ మాట. దాంతో 1927లో ఆడవాళ్లందరినీ కూడగట్టి వేరుగా ఆరాధన మొదలుపెట్టారు. చివరికి 1940లో వర్గాలన్నీ కలిశాయి. ఇప్పుడు టీవీలో చూస్తాం కదా, పంచరత్న కీర్తనలు ఆడా మగా కలిసి పాడటం. అది చూస్తే నాకిప్పుడు ఈవిడే గుర్తొస్తారు. ఆస్తి సమాధికి రాసిచ్చేటప్పుడు కూడా, అక్కడ ఆడవాళ్ల పూజకు అడ్డు ఉండకూడదని షరతు పెట్టారు.

1952లో నాగరత్నమ్మ చనిపోయారు. వావిళ్ల వారు పుస్తకాన్ని మళ్లీ వేసిందీ ఆ ఏడాదే. తిరువయ్యారులో సమాధికి ఎదురుగా ఆవిడ విగ్రహం చేతులు జోడించి కూర్చుని ఉంటుంది.

పద్యాలు కష్టమనుకునేవాళ్లు కనీసం పీఠిక చదవండి. లైబ్రరీ కాపీ నా దగ్గరే ఉంది, సోమవారం తిరిగి ఇచ్చేస్తాను.