సామ్యప్రశ్నలు: న్యాయమైన సమాధానము



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము చూచుటకు చిన్నది. పిల్లల ప్రశ్నపత్రములోని యొక వరుస మాత్రమే. కాని యా వరుసను గూర్చి రావికమతములో రచ్చబండ యొద్ద ఒక సాయంకాలమెల్ల వాదము జరిగినది. ఆ వాదమున ఓడినవాడను నేనే గనుక, దానిని చెప్పు బాధ్యతయు నాదే యని తలచుచున్నాను.

ఉగాదినాడు ఊరి పిల్లలకు భూగోళము, ఆచారవ్యవహారములు అను రెండు విషయములలో పోటీ పెట్టిరి. ప్రశ్నలు కూర్చినవాడను నేనే. మార్కులు వేసినవాడను నేనే. ప్రశ్నలన్నియు 'ఇది దానికెట్లో, అది దేనికట్లు?' అను తీరువి. వీనినే సామ్యప్రశ్నలందురు.

'రాజమహేంద్రవరమునకు గోదావరి యెట్లో, అనకాపల్లికి ఏది యట్లు?' అనునది ఒక ప్రశ్న. శారదానది యని నా జవాబు. ఒక బాలుడు 'బెల్లము' అని వ్రాసెను. 'గుడి పడ్వా మహారాష్ట్రులకెట్లో, ఉగాది యెవరికట్లు?' అనునది మరియొక ప్రశ్న. తెలుగువారికి అని నా జవాబు. ఒక బాలిక 'కన్నడిగులకు' అని వ్రాసెను. రెండింటికిని సున్న చుట్టితిని. ఆ యొక్క మార్కుతోనే బాలికకు మొదటి బహుమానము తప్పిపోయినది.

ఆ పిల్ల యేడువలేదు. "మా అమ్మమ్మగారిది బళ్లారి, మాస్టారూ. అక్కడ కూడా ఈ వేళే ఉగాది కదా?" అని మాత్రమడిగెను. అంతలో బాలుని తాతగారు లేచి, "అనకాపల్లి అనగానే దేశమంతా తలచుకొనేది బెల్లమే గదా, బాబూ!" అనిరి. నేను నా కాగితము చూపి, ఇందులో వ్రాసియున్నదే సరియైన జవాబని పట్టుబట్టితిని. ఒక వృద్ధుడు నవ్వి, "కాగితము మీదే, బాబూ. పండుగ మీ కాగితముది కాదు గదా!" అనెను. ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయినది.

ఆ రాత్రి ఆలోచింపగా నాకు తోచినది మనవి చేసెదను. మన యాలంకారికులు ఉపమకు నాలుగంగములు చెప్పిరి: ఉపమేయము, ఉపమానము, సాధారణధర్మము, ఉపమావాచకము. 'ముఖము చంద్రునివలె అందముగా నున్నది' అనునప్పుడు అందము సాధారణధర్మము. దానిని చెప్పక 'ముఖము చంద్రునివలె నున్నది' అని విడిచినచో అది లుప్తోపమ యగును. కవికి లుప్తోపమ శోభ నిచ్చును. పరీక్షకునికి తగవు తెచ్చును. సామ్యప్రశ్న స్వభావముచేతనే లుప్తోపమ. రెండు పేర్ల నడుమనున్న సంబంధమేమో అది చెప్పదు; పిల్లవాడు కనిపెట్టవలెను. కనిపెట్టుటయే పరీక్ష. కాని కనిపెట్టదగిన సంబంధము అందు నిశ్చయముగా నుండవలెను గదా!

న్యాయసూత్రకర్తయగు గౌతముడు ఉపమానమును ప్రమాణములలో నొకటిగా నంగీకరించెను. గవయమను మృగము ఆవును బోలియుండునని వినినవాడు అడవికేగి, అట్టి మృగమును జూచి, ఇదియే గవయమని గుర్తించునని ప్రసిద్ధమైన యుదాహరణము. ఆ పోలిక ఆకారమునందని తెలియక, గవయమును ఇంట గట్టి పాలు పిదుకవచ్చునని యొకడు తలచినచో, పోలిక చెప్పినవాడును కొంత తప్పు పంచుకొనవలెను.

కావున సంబంధమును ఒక నిండు వాక్యముగా వ్రాసి పరీక్షించుట మంచిది. 'రాజమహేంద్రవరము ప్రక్కనుండి పారు నది గోదావరి.' ఈ వాక్యమున రెండవ జంటను పెట్టుడు. 'అనకాపల్లి ప్రక్కనుండి పారు నది శారద' అనుట నిలుచును. 'అనకాపల్లి ప్రక్కనుండి పారు నది బెల్లము' అనుట నిలువదు. 'ఊరికి పేరు తెచ్చినది' అను సంబంధమైనచో బెల్లమును చెల్లదా యని తాతగారి ప్రశ్న. అనకాపల్లి బెల్లపు బజారు దేశములోని పెద్ద బజారులలో నొకటి యనుట సత్యమే. కాని సత్యమైన ప్రతిమాటయు ప్రశ్నకు జవాబు కాదు. వదులైన సంబంధము, బిగువైన సంబంధము రెండును పొసగునప్పుడు బిగువైనదానినే గ్రహింపవలెను. లేనిచో అన్ని జవాబులును సరియగును, పోటీకి అర్థముండదు.

ఇక ఉగాది మాట. 'మహారాష్ట్రులు చైత్రశుద్ధ పాడ్యమినాడు జరుపుకొను సంవత్సరాది గుడి పడ్వా.' ఈ వాక్యమున తెలుగువారిని పెట్టినను, కన్నడిగులను పెట్టినను ఉగాది సమానముగా నిలుచును. వెండ్రుకవాసి భేదము లేదు. తమిళులని వ్రాసిన తప్పగును. వారు సౌరమానము ననుసరించి మేషసంక్రమణమున సంవత్సరాది జరుపుకొందురు. కావున బాలిక జవాబు సరియైనది. తప్పు నా ప్రశ్నలోనిది.

కాలము కూడ జవాబును మార్చును. 'ముంబయి మహారాష్ట్రమునకెట్లో, హైదరాబాదు దేనికట్లు?' అనుప్రశ్నకు 1956 నవంబరు 1 మొదలు చాలకాలము ఆంధ్రప్రదేశ్ అనుటయే సరి. 2014 జూన్ 2న తెలంగాణము ఏర్పడినది. పిమ్మట పదేండ్లు ఆ నగరము ఉభయ రాష్ట్రములకును ఉమ్మడి రాజధాని. ఇప్పుడది తెలంగాణమునకే రాజధాని. అంతదూర మేల? మన రావికమతమే 2022 ఏప్రిల్ 4న విశాఖపట్టణము జిల్లానుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. పాత పుస్తకము చూచి చదివిన పిల్లవానిని నిందింపరాదు; ఏ నాటి మాట అడుగుచున్నామో ప్రశ్నయే తెలుపవలెను.

ఇది యంతయు పిల్లల వినోదమే గదా యని మీరనవచ్చును. కాని ప్రభుత్వ పాఠశాలల యెనిమిదవ తరగతి పిల్లలు వ్రాయు జాతీయ ఉపకారవేతన పరీక్షలో ఇట్టి సామ్యప్రశ్నలు వచ్చును. అందెన్నికైనవారికి తొమ్మిదవ తరగతినుండి నాలుగేండ్లు ఏటికి 12,000 రూపాయలు లభించును. ఒక్క మార్కు ఒక బీదయింటి చదువును నిలుపవచ్చును, ఆపవచ్చును. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారు సైతము మొదట జవాబుల పట్టిక ప్రకటించి, ఆక్షేపణలు స్వీకరించి, ఆ పిమ్మటనే తుదిపట్టిక ప్రకటింతురు. అంతటి సంస్థయే ఆక్షేపణ వినునప్పుడు, ఊరి పోటీలో మనము వినకుండుట యేమి న్యాయము?

మీ యూళ్లలో ఇట్టి పోటీలు పెట్టునప్పుడు అయిదు మాటలు జ్ఞప్తియందుంచుకొనుడు. ప్రతి ప్రశ్నకును సంబంధవాక్యమును ముందుగా వ్రాసికొనుడు. ఆ వాక్యమున మరియొక జవాబు నిలుచునేమో యితరులచేత చూపించుడు. మార్పునకు లోనగు విషయమైనచో సంవత్సరము చేర్చుడు. బహుమానము లిచ్చుటకు ముందే ఆక్షేపణ వినుడు. వ్రాసినవాని పేరు చూడక, వాక్యమును చూచి తీర్పు చెప్పుడు.

మరునాడు ఆ బాలికకు మార్కు వేసి, మొదటి బహుమానమును ఇద్దరికి సమానముగా పంచితిమి. బాలుని సున్నను మార్చలేదు. ఎందుకు మార్చలేదో మాత్రము వాని తాతగారి యెదుటనే వివరించితిని. ఆయన కొంతసేపు ఆలోచించి, "కారణము చెప్పినారు, చాలు బాబూ" అనిరి. ఓడిన పిల్లవానికి మనము ఇయ్యవలసినది ఆ కారణమే.