సైకిలు – కాళ్ల బలము

మోటారు బండ్లు వచ్చిన పిదప మన పొదిలి ప్రాంతపు పల్లెలలో సైకిలు గోడకు చేరబడినది. కాళ్లలో బలము కోరు యువకులు దానిని మరల బయటికి తీయవలెనని మా మనవి.

సైకిలు తొక్కునపుడు ముఖ్యముగా పనిచేయునవి తొడ ముందరి కండలు, పిఱుదుల కండలు. పిక్కలు వానికి తోడగును. చదును బాటపై తేలికగా ఎంత దూరము పోయినను దమ్ము పెరుగును గాని కండ అంతగా పెరుగదు. మిట్ట ఎక్కునపుడును, ఎదురుగాలిలోను, ఎరువు బస్తాతోను తొక్కినపుడే కండకు పని తగులును. ఇట్టి తొక్కుడు వారమునకు రెండు మూడు దినములు చాలును. నడుమ విశ్రాంతియు, ఆహారమున కందిపప్పు, శనగలు, పాలు, గుడ్లును లేనిదే కండ కట్టదు.

సీటు ఎత్తును మనవారు లెక్కచేయరు. తండ్రి సైకిలును కుమారుడు అట్లే తొక్కుచుండును. పెడలు అడుగున నున్నపుడు మడమ దానిపై ఆనించినచో కాలు తిన్నగా చాగవలెను. అట్లమర్చి పాదపు ముందుభాగముతో తొక్కినచో మోకాలు కొంచెము వంగియుండును. సీటు మిక్కిలి క్రిందైన మోకాళ్లు నొప్పి పుట్టును.

అయితే మన తావున మఱియొక సంగతి కలదు. ఫ్లోరైడు నీటివలన ఎముకలు బిగిసిపోవు వ్యాధిని మన దేశమున వైద్యులు 1937లో మొదట వెల్లడించినది నెల్లూరు జిల్లానుండియే. పొదిలి అప్పుడు ఆ జిల్లాలోనిదే. నడుము, మోకాళ్లు పట్టివేసి, నేలపై కూర్చుండి లేచుట కష్టమైనచో, అది కండల బలహీనతయని తలచి సైకిలుతో బాగుచేసికొన జూడరాదు. వైద్యునికి చూపవలెను, త్రాగునీటిని పరీక్ష చేయింపవలెను. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న నీరు త్రాగుటకు తగదు. కాచినను అది పోదు; నీరు ఇగిరినకొలది మఱింత గాఢమగును.