ఇంటి బడిలో కొత్త ఏడు

జూన్‌లో బడులు తెరవగానే రాంగోపాల్‌పేట్ వీధులు యూనిఫారాలతో నిండుతాయి. ఆరేళ్ల మా పాప, నాలుగేళ్ల బాబు వారిని కిటికీలోనుంచి చూస్తారు. వారి బడి ఇంట్లోనే.

నిరుడు గంటకొక పాఠం చొప్పున పట్టిక గీసి గోడకు అంటించాము. రెండు నెలలకే పాప తెలుగు వాచకాన్ని బియ్యం డబ్బా వెనుక దాచింది. తప్పు పాపది కాదని ఆనాడు గ్రహించాము.

ఈ ఏడు ఆ పట్టిక తీసివేశాము. దినచర్యకు నమాజు వేళలే చాలు. ఫజ్ర్ తరువాత ఒక చిన్న సూరా. అల్పాహారం ముగిశాక అరగంట తెలుగు, అరగంట లెక్కలు. అస్ర్ తరువాత నడక. పోలీస్ స్టేషన్ గడియార గోపురం వద్ద ఆగి, సేఠ్ రాంగోపాల్ పేరిట ఈ పేట వెలసిన సంగతి చెబుతాము. కూరగాయల బండి వద్ద చిల్లర లెక్క పాపదే.

“మరి సర్టిఫికెట్?” అని దాదీ అడుగుతారు. ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో 14 ఏళ్లు నిండినవారు పదవ తరగతికి చేరవచ్చు. అంతవరకు పిల్లలు రాసిన కాగితాలను తేదీ వేసి భద్రపరుస్తున్నాము.

ఖుర్‌ఆన్ అవతరణ ‘చదువు’ అనే ఆదేశంతోనే ఆరంభమైంది. ఆ మాట విని పిల్లలు పుస్తకం దాచుకోకూడదు. ఇన్షా అల్లాహ్, ఈ ఏడు మా ప్రయత్నమంతా అందుకే.